ముందుకు జరిపిన జెండా

చలికాలమంతా తాళం వేసి ఉంచిన గోల్ఫ్ మైదానాన్ని మళ్ళీ తెరిచిన మొదటి మంగళవారం, స్నేహితురాళ్ళిద్దరూ చక్రాల బండ్ల మీద తమ కర్రల సంచులు లాక్కుంటూ లోపలికి వచ్చారు. గోల్ఫ్ అనగానే పెద్ద పెద్ద కార్లూ, తెల్లటి చేతి తొడుగులూ ఊహించుకోనక్కర్లేదు. అది మునిసిపాలిటీ మైదానం. తొమ్మిదే గుంతలు, ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో నెలకు ఇరవై రోజులు పని చెయ్యని టీ యంత్రం. మంగళవారం పొద్దుటిపూట ఆడవాళ్ళకని ప్రత్యేకంగా బోర్డు కూడా పెట్టారు. ఆ పూట మగవాళ్ళెవరూ రారు కాబట్టి ఆ ఔదార్యం వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇద్దరిలో చిన్నామె కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. చూపు పరీక్షించి, పత్రం రాసి, సంతకం పెట్టడానికి లైసెన్సు ఉంది. అంతేగాని డాక్టరు కాదు. అయినా అందరూ డాక్టరమ్మ అంటారు, ఆమె పాతికేళ్ళుగా ఒక్కసారి కూడా కాదనలేదు. పెద్దావిడ స్కూలు బస్సు డ్రైవరు. ఏ కర్రతో కొట్టినా బంతి గీత గీసినట్టు పోతుందని మైదానంలో ఆవిడకు గురి అని పేరు పెట్టారు. అసలు పేరు సభ్యుల జాబితాలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపాక, మధ్యాహ్నం మళ్ళీ బస్సు తీసేదాకా ఆవిడకు నాలుగు గంటలు ఖాళీ. డాక్టరమ్మ దుకాణానికి మంగళవారం సెలవు. పదిహేనేళ్ళ స్నేహం ఆ నాలుగు గంటల్లోనే పెరిగింది.

వాళ్ళకొక పద్ధతి ఉంది. సీజన్‌లో మొదటి ఆటకు లెక్క రాయరు. చలికి బిగుసుకున్న నడుములు సాగాలి, చేతులకు కర్ర మళ్ళీ అలవాటు కావాలి. ఆ రోజు ఎవరు ఎన్ని దెబ్బలకు గుంతలో వేశారన్నది ఎవరికీ పట్టదు. ఒకరి బంతి ఎటు పోయిందో ఇంకొకరు చూసి చెప్పాలి, కబుర్లు చెప్పుకుంటూ నడవాలి, అంతే. ఏడాది మొత్తంలో డాక్టరమ్మకు ఈ రోజంటే ఉన్న ఇష్టం తన పుట్టినరోజంటే కూడా లేదు.

మొదటి మూడు గుంతలూ హాయిగా గడిచాయి. గడ్డి మీద తడి, గాలిలో ఇంకా కాస్త చలి. గురి కొట్టిన బంతులు ఎప్పటిలాగే సూటిగా పోయాయి. కొట్టిన ప్రతిసారీ ఎటు పోయిందని ఆవిడ అడగడం, ఎటు పోతుంది, నీ చోటికే పోయిందని ఈమె చెప్పడం. రెండో గుంత దగ్గర డాక్టరమ్మ కొట్టిన బంతి మంచి చప్పుడు చేసుకుంటూ లేచి, ఎడమకు వంకర తిరిగి, నేరుగా రెల్లుగడ్డిలోకి పోయి మాయమైంది. బాగా పోయింది, మధ్యలోనే ఉందంది గురి. డాక్టరమ్మ పగలబడి నవ్వి, ఇంత మొహమాటం ఎప్పుడు నేర్చుకున్నావక్కా అని వెక్కిరించింది. గురి కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

బంతి ముందు గురి నిలబడే తీరు కూడా మారింది. తల పక్కకు వాల్చి, గోడ మీద పిచ్చుక గింజను చూసినట్టు ఓరగా చూస్తోంది. అదేమిటని అడిగితే మెడ పట్టేసిందంది ఆవిడ. డాక్టరమ్మ తైలమేదో చెప్పింది. పాతికేళ్ళుగా మనుషుల కళ్ళలోకి దీపం వేసి చూసే మనిషి, ఆ వాలిన తల చూసి మెడకు మందు చెప్పింది.

మాటలన్నీ మనవరాలి చుట్టూనే తిరిగాయి. డాక్టరమ్మ కూతురు నర్సు, డ్యూటీలతో సతమతమవుతూ ఉంటుంది కాబట్టి రెండో తరగతి చదివే ఆ పిల్ల పెంపకమంతా అమ్మమ్మదే. పిల్ల వెళ్ళేది గురి బస్సులోనే, కూర్చునేది ముందు సీట్లోనే. ఈమధ్య బస్సెక్కేటప్పుడు ఎవరి పేరు వాళ్ళు గట్టిగా అరిచి ఎక్కాలని గురి కొత్త ఆట పెట్టిందట. అందరికంటే తనే గట్టిగా అరుస్తానని పిల్ల ఇంట్లో గొప్పలు పోతోందని చెప్పింది డాక్టరమ్మ. చెవులు చిల్లులు పడుతున్నాయి, దానికి కాస్త గొంతు తగ్గించే మందేమైనా ఉంటే వెయ్యమంది గురి. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాలుగో గుంత చెట్ల నీడలో ఉంటుంది. అక్కడ నేల మంచు వదలడం ఆలస్యం. గుంత చుట్టూ దుప్పటి పరిచినట్టు నున్నగా కత్తిరించే పచ్చికను గ్రీన్ అంటారు. నేల గడ్డకట్టి ఉన్నప్పుడు దాని మీద నడిస్తే ఆ పచ్చిక ఏడాదంతా కోలుకోదు. అందుకని సీజన్ మొదట్లో మైదానం మేస్త్రీ ఆ గ్రీన్ చుట్టూ తాడు కట్టేసి, దానికి వంద అడుగులు ఇవతలే ఇంకో చోట గడ్డి పొట్టిగా కోసి, కొత్త గుంత తవ్వి, జెండా అక్కడికి జరిపేస్తాడు. నెల తిరిగాక మళ్ళీ అసలు చోటికే తీసుకుపోతాడు. ఈసారి కొత్త జెండా ఎర్రగా, చీరంత పొడుగున్నట్టు రెపరెపలాడుతోంది. దాన్ని చూడకపోవడానికి వీల్లేదు.

గురి ఓరగా చూసి, కర్ర ఎత్తి కొట్టింది. అందమైన దెబ్బ. బంతి ఆ ఎర్ర జెండా మీదుగా, దాన్ని పట్టించుకోకుండా, వంద అడుగులు దాటి వెళ్ళి అసలు గ్రీన్ నడిమధ్యలో పడింది.

"ఎటు పోయింది?" అని అడిగింది గురి.

డాక్టరమ్మ, ఆవిడ తమాషా చేస్తోందేమో అనుకుంది. గురి బండి లాక్కుంటూ ముందుకు సాగింది. ఎర్ర జెండాకు చేతికందేంత దూరంలో నడుస్తూ, దాన్ని దాటిపోయింది. తలైనా తిప్పలేదు. నడిచి నడిచి మోకాళ్ళ ఎత్తున కట్టిన తాడుకు తగులుకుని ముందుకు తూలి పడింది. బండి తిరగబడి కర్రలన్నీ గలగలా దొర్లాయి.

డాక్టరమ్మ పరుగున వెళ్ళి లేవనెత్తింది. ఆవిడ అరచేతులు గీసుకుపోయాయి, మోకాలి దగ్గర బట్ట చిరిగింది. అక్కడున్న బల్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి తుడుస్తుంటే, ఓరచూపూ, రెల్లుగడ్డిలోకి పోయిన తన బంతీ, బస్సెక్కుతూ పేర్లు అరిచే పిల్లలూ అన్నీ ఒక్కసారే ఆమె మనసులోకి వచ్చి నిలబడ్డాయి. కొట్టినవన్నీ సూటిగా పోవడానికి చూపెందుకు? ఆ మైదానం గురికి కొట్టిన పిండి. పదిహేనేళ్ళుగా నిలబడ్డ చోటే నిలబడి, కొట్టిన వైపే కొట్టింది.

"ఎప్పటినుంచి?" అంది డాక్టరమ్మ.

గురి కాసేపు మోకాలి మట్టి దులుపుకుంది. తర్వాత దాచకుండా చెప్పింది. కుడి కంటికి ఏడాదైంది, ఎడమ కంటికి ఈ చలికాలం నుంచి. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది, నడిమధ్యలోది మాత్రం ఎవరో బొటనవేలితో అలికేసినట్టుంటుంది. ఏదైనా చూడాలంటే దాని పక్కకు చూడాలి. రోడ్డు అలవాటైందే, మలుపులు లెక్కే, కూడలిలో దీపం పైది వెలిగిందా కిందది వెలిగిందా అన్నది తెలుస్తుంది. మనుషుల ముఖాలే పోయాయి. నీ ముఖం కూడా పోయిందే అని, అది తన తప్పన్నట్టు చెప్పింది.

ఆ జబ్బేమిటో డాక్టరమ్మకు తెలుసు. వారానికి ఒకరిద్దరిని ఆస్పత్రికి పంపుతూనే ఉంటుంది. గళ్ళ కాగితం ఒకటి ముందు పెట్టి, మధ్య చుక్కను చూడమంటే చాలు, రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ కాగితం ఆమె బల్ల సొరుగులోనే ఉంటుంది.

స్కూలు బస్సు డ్రైవర్లు రెండేళ్ళకోసారి చూపు సరిగ్గా ఉందని పత్రం తేవాలి. ఆరు వారాల కిందట గురి ఆ ఖాళీ పత్రం పట్టుకుని దుకాణానికి వచ్చింది. డాక్టరమ్మ టీ తెప్పించింది. బయట ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి అక్షరాలు చదవమనడానికి ఆమెకు సిగ్గేసింది. సూదిలో దారమెక్కించినట్టు బంతి కొట్టే మనిషికి పరీక్షేమిటి అనుకుంది. నవ్వుతూ, మాట్లాడుతూ, పత్రంలో గళ్ళన్నీ తనే నింపి, రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయని రాసి సంతకం గీకింది. లోకంలో కళ్ళు పరీక్షించేవాళ్ళు ఇంకెవరూ చెయ్యని తప్పు అది. ఆట చూసి చూపుకు మార్కులు వేసింది.

"నా దగ్గరికొచ్చినప్పుడు చెప్పి ఉండాల్సిందక్కా" అంది చివరికి డాక్టరమ్మ.

గురి గొంతులో కోపం లేదు. "ఆ రోజు నేను దొరికిపోవడానికే వచ్చానే పిల్లా. ఇంకెవరి దగ్గరికీ పోకుండా నీ దగ్గరికే వచ్చింది అందుకే. నువ్వు కూర్చోబెడతావు, కనిపెడతావు, నువ్వు చెప్తే నేను మానేస్తాను అనుకున్నా. నువ్వు టీ ఇచ్చి పంపించావు. నీ సంతకం చూసుకుని, అంత బాగోలేకపోతే అది రాయదుగా, నాదే అనుమానమేమో అని సర్దిచెప్పుకున్నా."

తప్పంతా ఎదుటి మనిషిదైతే కోప్పడొచ్చు, తనదైతే ఏడవొచ్చు. ఇద్దరూ కలిసి చేసిన దానికి ఏం చెయ్యాలో డాక్టరమ్మకు తెలియలేదు.

గురి ఆవిడంతట ఆవిడే అడిగింది. వేసవి సెలవులదాకా ఆగమంది. ఇంకో మూడు నెలలు. ఆ తర్వాత నేనే మానేస్తాను, మెడనొప్పో నడుమునొప్పో చెప్పి గౌరవంగా దిగిపోతానంది. "ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. బస్సులో ముప్పైతొమ్మిది మంది పొద్దున్నే నాకు పేర్లు చెప్తారు. అది పోతే ఎట్లా ఉంటానో నాకే తెలీదు."

ఆగుతాననీ అనలేదు, ఆగననీ అనలేదు డాక్టరమ్మ. కర్రలు ఏరి సంచిలో సర్దింది. ఆమె మనసులో పిల్లలు మెదిలారు, నిజమే. వాళ్ళ వెనకే ఆ పత్రం మెదిలింది. పరీక్ష చెయ్యకుండా సంతకం పెట్టిందని తేలితే లైసెన్సు పోతుంది, దుకాణం మూతపడుతుంది. ఏది ముందు మెదిలిందని ఆమెను నిలదీసి అడిగితే చెప్పడానికి ముఖం చెల్లదు.

చెప్పుకోవడానికి సిగ్గుచేటైన సంగతి ఇంకొకటుంది. మిగిలిన ఐదు గుంతలూ వాళ్ళు ఆడారు. అదీ ఎలా ఆడారంటే, పదిహేనేళ్ళలో అంత సుఖంగా ఎప్పుడూ ఆడలేదు. దాచేదేమీ లేకపోయేసరికి గురి భుజాలు తేలికపడ్డాయి. డాక్టరమ్మ వెనక నిలబడి, కాస్త కుడికి, ఇంకాస్త, ఆ, అక్కడ, అని చెప్పడం, ఆవిడ కొట్టడం. ఏడో గుంతలో గురి బంతి ముప్పై అడుగుల దూరం నుంచి దొర్లుకుంటూ వెళ్ళి టక్కున పడింది. ఆ చప్పుడు విని ఆవిడ చిన్నపిల్లలా గంతేసింది. డాక్టరమ్మ కూడా చప్పట్లు కొట్టింది. అప్పుడు టైము పన్నెండు. ఇంకో గంటలో ఆ చేతులే బస్సు పట్టుకుంటాయి.

గేటు దగ్గర విడిపోయేటప్పుడు గురి, వచ్చే మంగళవారం వస్తావుగా అని అడిగింది. వస్తానంది డాక్టరమ్మ.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ, బస్సు బయలుదేరకముందే స్కూలుకు వెళ్ళి, పంటి డాక్టరు దగ్గరికని చెప్పి మనవరాలిని కారులో ఎక్కించుకుంది. మర్నాడు పొద్దున కూడా తనే దింపుతానంది. పిల్ల అలిగింది. బస్సులో పేరు అరవాలని ఏడ్చింది. కూతురు ఎందుకని అడిగితే, దారేగా, నాకూ కాలక్షేపంగా ఉంటుందని ఏదో చెప్పి తప్పించుకుంది. ఆలోచించుకోవడానికి రెండు రోజులు కావాలి, అంతలో పిల్ల విషయంలో జాగ్రత్తపడితే తప్పేమిటని తనకు తానే నచ్చచెప్పుకుంది. అలా నచ్చచెప్పుకునేవాళ్ళకు సాకులకేం కొదవ, ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది.

మర్నాడు పొద్దున స్కూలు దారిలో, పెద్ద కూడలిలో ఎర్రదీపం పడింది. పక్కనే గురి బస్సు వచ్చి ఆగింది. డాక్టరమ్మ తల అటు తిప్పలేదు. వెనక సీట్లోంచి పిల్ల కిటికీ దించి, తన పేరు తనే గొంతు చించుకుని అరిచింది, డ్రైవరమ్మమ్మా నేనిక్కడున్నా అని కూడా అరిచింది. పచ్చదీపం పడగానే డాక్టరమ్మ కారు ముందుకు దూకించింది.

పిల్లను దింపి దుకాణం షట్టరు ఎత్తుతుండగా ఫోను మోగింది. గురి.

"పాప నిన్న మధ్యాహ్నం ఎక్కలేదు, ఇవాళా ఎక్కలేదు. ఒంట్లో బాగాలేదా?"

ఆ అడగడంలోనే అంతా ఉంది. అయినా డాక్టరమ్మ, జలుబక్కా, కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందంది. అనేశాక గుర్తొచ్చింది కూడలిలో పిల్ల అరిచిన అరుపు. ఫోనులో కాసేపు పిల్లల గోల మాత్రం వినిపించింది.

"నీ మనవరాలిని దింపుకున్నావు. సరే. ఇంకా ముప్పై ఎనిమిది మంది ఉన్నారే నా వెనక" అంది గురి. తర్వాత, మామూలుగా కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది. "పెట్రోలు బంకు దాటాక పక్కకు తీసి ఆపాను. తాళాలు తీసి, బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా చేతికిచ్చాను. ఇంక నేను నడపను. స్కూలుకు నువ్వు ఫోన్ చెయ్యి, నాకు నోరు రావట్లేదు."

డాక్టరమ్మ షట్టరు సగం ఎత్తిన చోటే వదిలేసి, అక్కడే మెట్టు మీద కూర్చుని స్కూలు రవాణా మేనేజరుకు ఫోన్ చేసింది. మంచివాడే. ముందు పిల్లలు క్షేమమేనా అని అడిగాడు, ఇంకో డ్రైవరును పంపే ఏర్పాటు చేశాడు. ఆ తర్వాత ఫైలు తిరగేసిన చప్పుడు వినిపించింది. ఆరు వారాల కిందట మీరే సంతకం పెట్టారు కదమ్మా, రెండు కళ్ళూ బాగున్నాయని రాశారు, ఇంతలో ఏమైందని అడిగాడు.

తిట్టలేదు, నిలదీయలేదు. వట్టి ప్రశ్న. నేను పరీక్ష చెయ్యలేదండీ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వృత్తిలో ఇన్నేళ్ళు ఉన్నందుకు ఆమెకు ఇంకో జవాబు కూడా తెలుసు. ఆ జబ్బులో ఒక రకం ఉంది, అది వారాల్లోనే చూపును తినేస్తుంది. అబద్ధమని ఎవరూ నిరూపించలేరు.

"ఈ జబ్బు అంతేనండీ, ఒక్కోసారి నెల రోజుల్లోనే ముదిరిపోతుంది. పరీక్ష చేసినప్పుడు ఏమీ లేదు" అంది. అక్కడితో ఆగినా బాగుండేది. "చూపులో తేడా తెలియగానే ఆవిడ నాకు చెప్పాల్సింది" అని కూడా అంది.

మేనేజరు అవునమ్మా అన్నాడు. మీ ధర్మాన పిల్లలు బయటపడ్డారని కృతజ్ఞతలు చెప్పాడు.

ఆమె కారు తీసుకుని పెట్రోలు బంకు వైపు వెళ్ళింది. అక్కను ఇంటికి తీసుకుపోవాలి, ఆస్పత్రిలో తెలిసిన డాక్టరుకు చూపించాలి, రోజూ వెళ్ళి కూర్చోవాలి అని దారంతా అనుకుంటూనే ఉంది. వెళ్ళేసరికి కొత్త డ్రైవరు వచ్చి బస్సు తీసుకుపోయాడు. రోడ్డు పక్కన అరుగు మీద గురీ, ఆవిడకు తోడు ఆగిపోయిన ఆయా మాత్రమే ఉన్నారు. గురి ఒళ్ళో మంచినీళ్ళ సీసా, డ్రైవరు సీటు మీద వేసుకునే మెత్త.

డాక్టరమ్మ కారు దిగి, పక్కన తలుపు తెరిచి పట్టుకుని, అక్కా ఎక్కు, పోదాం అంది.

గురి గొంతును బట్టి ఇటు తిరిగింది. "మేనేజరు నాకూ ఫోన్ చేశాడే. డాక్టరమ్మకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు."

డాక్టరమ్మ తలుపు మీద చెయ్యి అలాగే ఉంచింది.

"చెప్పాల్సింది, నాదే తప్పు అన్నాను. రాసి సంతకం పెట్టమన్నాడు, సాయంత్రం వెళ్ళి పెడతాను. నీకింక భయం లేదు" అంది గురి. అని, మెత్త చంకలో పెట్టుకుని లేచింది.

ఆయా కారు వైపు నడిపించబోయింది. గురి వద్దంది. బస్టాపు ఎంత దూరమని అడిగింది. రెండు వీధులని చెప్పింది ఆయా. అయితే నడుద్దాం పదమని, ఆయా మోచెయ్యి పట్టుకుని, అడుగు ముందు అడుగు వెతుక్కుంటూ వెళ్ళింది. డాక్టరమ్మ రెండుసార్లు అక్కా అని పిలిచింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా తెరిచిన తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది.